వారసత్వపు తుపాకికి వెల కట్టడం ఎట్లా?

దేవరకొండ: వేరుశనగ అయితే గుప్పెడు కాయ ఒలిచి గింజ చూస్తాము. ఆముదాలయితే తేమ, మట్టి చూస్తాము. పత్తికి పింజ ఉన్నది. ఇవన్నీ ధర పలికే సరుకులు. కాని దేవరకొండ, కొండమల్లేపల్లి ప్రాంతపు అడ్తీదారుల ముందుకు అప్పుడప్పుడు ఏ యార్డులోనూ ధర పలకని సరుకు ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఇంటి పెద్ద కాలం చేసిన తరువాత అన్నదమ్ములు పంపకాలు వేసుకుంటారు. భూమి, బావి, బంగారం, పశువులు లెక్కకు వచ్చిన పిమ్మట గోడకు వేలాడే తుపాకి మిగులుతుంది. పంపకానికి పెద్దమనిషిగా కూర్చున్న వర్తకుణ్ణి "సేటూ, దీనికెంత కట్టమంటవు?" అని అడుగుతారు. ఒకరు అది లండన్ సరుకు, లక్షల మీద మాట అంటారు. మరొకరు పాత ఇనుము కింద కొట్టివేస్తారు. రెండు మాటలూ తూకం లేని మాటలే.

ఈ సరుకులో మొదటి విలువ కాగితానిది. రెండవది బోరుది. మూడవది గొట్టానిది. గొట్టం మీద చెక్కిన పేరుది చివరి స్థానం. మన వద్ద చాలమంది ఈ వరుసను తలకిందులుగా పట్టుకుంటారు. పేరు చదివి ధర అనుకుంటారు, ధర అనుకున్న తరువాత కాగితం వెతుకుతారు. కాగితం దొరకని నాడు ధర మాట అటుంచి, కేసు ఎదురవుతుంది.

ఈ ప్రాంతానికి తుపాకులు ఎట్లా వచ్చినవి

నిజాం కాలంలో నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో దేశ్‌ముఖులు, జాగీర్దారులు తుపాకులు ఉంచుకున్నారు. దక్షిణాన నల్లమల ఉండుటచేత వేట కూడ ఉండేది. పెద్ద ఇళ్ళలో విదేశీ జోడు గొట్టాల తుపాకులు, కొన్ని రైఫిళ్ళు. చేను కాపలాకు నోటి నుంచి మందు దట్టించే భర్మార్లు. తరువాత చరిత్ర అందరూ ఎరిగినదే. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. ఆపై 1951 అక్టోబరు 21న సాయుధ పోరాటం విరమించే వరకు ఈ జిల్లాలలో తుపాకులు అనేక చేతులు మారినవి. గడీల నుంచి దళాలకు పోయినవి కొన్ని, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత స్వాధీనమైనవి కొన్ని, గోడల్లో, గడ్డివాముల్లో దాచినవి కొన్ని.

చరిత్ర ఎందుకంటే, ఇది సరుకు మీద నేరుగా పని చేస్తుంది. కోస్తాలోనో మద్రాసులోనో కొన్న తుపాకికి మొదటి యజమాని నుంచి నేటి వరకు కాగితాల గొలుసు తెగకుండా ఉండే అవకాశం ఎక్కువ. మన వద్ద ఆ గొలుసు 1946కు, 1951కి మధ్య తెగి ఉండవచ్చు. తెగిన గొలుసును మాటలతో అతికించలేము. "మా తాతకు నిజాం సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉండె" అన్నది గౌరవానికి పనికి వస్తుంది, అమ్మకానికి పనికి రాదు.

అయినా ఆ పాత కాగితం ఉంటే పారవేయవద్దు. హైదరాబాదు సంస్థానపు కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో ఉంటవి. ఫసలీ అంకెకు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఆ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది కనుక ఆజుర్, దై, బహ్మన్ నెలలకు సుమారుగా 590, ఆ పైన నెలలకు 591 కలుపుకోవాలి. 1350 ఫసలీ బహ్మన్ అని ఉంటే 1940 చివర. తుపాకి అప్పటికే ఆ ఇంట ఉన్నదని దీనివల్ల తేలుతుంది. తుపాకి వయస్సు కట్టడానికి ఇది సాక్ష్యమే గాని, నేటి లైసెన్సుకు బదులు కాదు.

కాగితం

ఇప్పుడు అమలులో ఉన్నది 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు. లైసెన్సుదారు చనిపోయిన మరుక్షణం ఆ లైసెన్సు వారసునిది కాదు. తుపాకి ఇంట్లో ఉంటుంది గాని దానిని ఉంచుకునే హక్కు ఉండదు. చట్టంలోని 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ వర్తకుని వద్ద గాని డిపాజిట్ చేసి రసీదు పుచ్చుకోవాలి. పదకొండవ రోజు కార్యం అయ్యాక చూద్దాం, పంపకాలు తెగాక చూద్దాం అని సంవత్సరాలు గడిపే కుటుంబాలు తెలియకుండానే నేరంలో ఉన్నట్లు లెక్క. లైసెన్సు లేని తుపాకికి 2019 సవరణ తరువాత శిక్ష రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ వరకు.

డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకి పోదు. వారసుడు తన పేర లైసెన్సు తెచ్చుకుని తిరిగి పొందవచ్చు, లేదా అర్హుడైన వారికి అమ్ముకోవచ్చు. కాని దానికి గడువు ఉన్నది. గడువు దాటి ఎవరూ పట్టించుకోకపోతే సర్కారుకు జప్తు అవుతుంది. పంపకాల తగాదా నడుస్తూ ఉండగా అటు స్టేషనులో గడువు నడుస్తూ ఉంటుందని పెద్దమనుషులు గుర్తు చేయాలి. ఈ ఒక్క మాట సమయానికి చెప్పిన మధ్యవర్తి ఆ కుటుంబానికి ధర కట్టినవాని కంటె ఎక్కువ మేలు చేసినట్టు.

వారసునికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు 2016 నిబంధనలలోనే ఉన్నది. యజమాని మరణించిన తరువాతనే కాదు, ఆయనకు 70 ఏళ్ళు నిండినా, లేక ఆ తుపాకి 25 ఏళ్ళు ఆయన వద్ద ఉన్నా, బతికి ఉండగానే వారసుణ్ణి పేర్కొని మార్పించవచ్చు. మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న పత్రం ముందే రాయించుకుంటే పని సాఫీగా సాగుతుంది. పెద్దాయన చేతి వేలిముద్ర పడుతుండగా ముగించదగిన పనిని ఆయన పోయాక నలుగురు కొడుకుల సంతకాల కోసం తిరగడం మన వాళ్ళకు అలవాటు.

ఒక మనిషికి ఎన్ని అన్నది కూడ చూడాలి. పూర్వం మూడు ఉంచుకోవచ్చును. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ రెండుకు తగ్గించింది. అంతకు మించి ఉన్నవారు ఏడాది లోపల మిగిలినవి అప్పగించవలసి వచ్చింది. వారసత్వపు తుపాకికి కూడ ఈ రెండు హద్దు వర్తిస్తుంది. అప్పటికే రెండు ఉన్న కొడుక్కు తండ్రి తుపాకి పోదు, ఎంత మంచిదైనా. పంపకంలో దానిని అతని వాటా కింద రాస్తే రాత చెల్లదు. రెండవ కొడుకుకో, కూతురికో రాసి, పెద్దవానికి వేరొకటి చూడాలి.

ఇక అడ్తీదారులకు ముఖ్యమైనది తాకట్టు. రైతు ఖాతా బాకీ పడి, కొత్త పంట వచ్చేదాక ఉంచమని తుపాకి తెచ్చి గల్లాపెట్టె వెనుక పెట్టబోతే తీసుకోరాదు. చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. అద్దెకు ఇవ్వడం, అరువు ఇవ్వడం, ఊరక ఇవ్వడం, చేతి నుంచి వదలడం అన్నీ బదిలీయే. రైతు లైసెన్సు రైతుది. అది మీ దుకాణంలో ఉన్న తుపాకికి రక్ష కాదు. బంగారం, ఇత్తడి తాకట్టు పట్టిన అలవాటున దీనిని కూడ పట్టినవారు సరుకు కాదు, కేసు పట్టినట్టు.

అమ్మకానికి పద్ధతి వేరు. తన సొంతానికి చట్టబద్ధంగా ఉంచుకున్నవారు అర్హుడైన మరొకరికి అమ్మవచ్చు. అయితే ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు గాని దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గాని కొనేవారి పేరు, చిరునామాతో రాసి తెలిపి 45 రోజులు ఆగాలి. కొనేవారి లైసెన్సులో ఆ రకం ఆయుధానికి ఖాళీ ఉండాలి. కనుక ఇందులో బయానా ఇచ్చి సాయంత్రానికి సరుకు ఎత్తే బేరం ఉండదు. నెలన్నర ఆగలేనివాడు ఈ బేరానికి రాకుండుటే మేలు.

చివరిగా లైసెన్సు మీది నంబరు, తుపాకి మీది నంబరు కలవాలి. తుపాకి నంబరు సాధారణంగా మీట చుట్టూ ఉండే ఇనుప కమ్మీ తోక మీద, గొట్టాల అడుగున, గొట్టాల కింది ముందు కొయ్య లోపలి ఇనుము మీద మూడు చోట్ల ఉంటుంది. మూడూ ఒక్కటైతే తుపాకి అసలు కూర్పుతో ఉన్నదని అర్థం. పేటెంటు నంబరునో, బోరు గుర్తునో తుపాకి నంబరుగా రాసిన పాత కాగితాలు ఉండవచ్చు. అటువంటిది కనబడితే అమ్మకానికి ముందే సరి చేయించుకోవాలి.

నంబరు అరిగిందని, చెరిగిందని తోసివేయవద్దు. గుర్తు చెరిపిన తుపాకి ఎవరి చేతిలో ఉంటే వారే చెరిపారని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని నిరూపించుకోవడం వారి పని. పండుగకు మెరవాలని ఆకురాయి పెట్టించి గొట్టం రుద్దించినవారు ఒక్క దెబ్బతో విలువనూ, భద్రతనూ పోగొట్టుకుంటారు.

బోరు

కాగితం సరిగా ఉన్నదనుకుందాం. తరువాత ఇది ఏ రకం అన్న ప్రశ్న. గొట్టం లోపల నున్నగా ఉంటే షాట్‌గన్, మెలి తిరిగిన గాడులు ఉంటే రైఫిలు. వెనుక తెరుచుకోక, మందు, గుళ్ళు నోటి నుంచి దట్టించేది భర్మార్. పంట కాపలాకు భర్మార్ లైసెన్సు ఇచ్చే ఏర్పాటు 1959 చట్టంలో ఉన్నది కాని, సరుకుగా దాని విలువ స్వల్పం. రూపానికి, పనితనానికి ఎవరైనా ముచ్చటపడి ఇస్తే ఇచ్చినట్టు.

షాట్‌గన్ బోరు అంకె ఎంత పెద్దదైతే గొట్టం అంత సన్నం. దీనిలో కొత్తవారు తికమక పడుతారు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు పట్టే గొట్టం 12 బోరు. అంగుళంలో 0.729 వంతు, అనగా 18.5 మిల్లీమీటర్లు. 16 బోరు సుమారు 16.8, 20 బోరు 15.6 మిల్లీమీటర్లు. 10 బోరు 19.7. మన దేశంలో విరివిగా తూటా దొరికేది 12 బోరుకు. మిగతావి తుపాకి బాగున్నా తూటా కోసం తిరగవలసి వస్తుంది.

పాత ఆంగ్ల తుపాకులలో తూటా గది రెండున్నర అంగుళాలు, అనగా 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు అనేకం 70 మిల్లీమీటర్లు. పొడుగు తూటా పొట్టి గదిలో దూరుతుంది, అదే ప్రమాదం. పేలిన తరువాత దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. గది కొలత తెలియక తూటా పెట్టి చూసి "బాగున్నది" అని చెప్పే వారి మాట మీద ధర కట్టకూడదు.

రైఫిళ్ళలో తేడా ఇంకా పదునైనది. .303 సైనిక బోరు. సైన్యం, పోలీసుల బోర్లు మన దేశంలో నిషిద్ధ బోర్లు, వాటికి లైసెన్సు కేంద్ర ప్రభుత్వం చేతిలోనిది. .315 మాత్రం పౌరులకు ఇచ్చే బోరు, మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో తయారై ఇళ్ళకు చేరిన వేట రైఫిలు ఇదే. రెండింటి రూపం దగ్గర దగ్గరగా ఉండుటచేత కళ్ళతో పోల్చి చెప్పరాదు, గొట్టం మీది అంకె చదవాలి. బాణం గుర్తు కొట్టి ఉన్న సైనిక తుపాకి ఇంట్లో కనబడితే అది ఒకప్పుడు సర్కారు సొత్తు అని తెలుసుకుని నేరుగా పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా అప్పగించడమే దారి. పోలీసుల కోసం .303 రైఫిళ్ళను నున్నని గొట్టంతో .410 మస్కెట్లుగా మార్చినవి కూడ ఉన్నవి. వాటిని షాట్‌గన్ అనుకుని బేరమాడితే పొరపాటే.

ఇక్కడ ఒక వింత ఉన్నది. 20వ శతాబ్దం తొలి దశకంలో బ్రిటిషు ప్రభుత్వం తిరుగుబాటుదారులకు తూటాలు అందకూడదని ఇండియాకు .450 బోరు తూటాల రాకను నిలిపివేసింది. లండన్, బర్మింగ్‌హాం తయారీదారులకు ఇండియా వేటగాళ్ళు పెద్ద గిరాకీ. ఆ గిరాకీ పోగొట్టుకోలేక వారు .470, .465, .475 అంటూ పక్క అంకెలు పుట్టించారు. లోకమంతా ఏనుగుల వేటకు పేరుపడిన ఆ బోర్లు మన దేశపు ఒక ఉత్తర్వు నుంచి పుట్టినవే. అటువంటి రైఫిలు ఏ పాత సంస్థానపు ఇంటనో బయటపడితే వస్తువుగా గొప్పదే. కాని ఇప్పుడు దానికి తూటా ఎక్కడిది? వేటకు 1972 వన్యప్రాణి చట్టం దారి మూసివేసింది. కాల్చడానికి తూటా లేక, కాల్చే పని లేక అది కొద్దిమంది సేకర్తల బేరమైపోయింది. వారు కూడ లైసెన్సులో ఖాళీ ఉన్నవారై ఉండాలి.

గొట్టం మీది గుర్తులు

గొట్టాలను కొయ్య నుంచి విడదీసి అడుగు భాగం తిరగవేస్తే అసలు సంగతి అక్కడ ఉంటుంది. దుకాణం పేరు పైన, పరీక్ష ముద్రలు కింద. బస్తా పైన మార్కా, లోపల సరుకు అన్నట్టే.

బర్మింగ్‌హాం పరీక్షాశాల 1813లో ఏర్పడింది. లండన్ తుపాకి తయారీదారుల సంఘానికి 1637 నుంచి రాజపత్రం ఉన్నది. ప్రతి గొట్టాన్ని ఎక్కువ మందుతో కాల్చి, తట్టుకున్నదానికి ముద్ర కొట్టేవారు. కిరీటం కింద అడ్డంగా రెండు రాజదండాలు ఉంటే 1904కు ముందటి బర్మింగ్‌హాం సరుకు. కిరీటం కింద ఇంగ్లీషు అక్షరాలు బి.పి., బి.వి. ఉంటే 1904 నుంచి తరువాతది. వజ్రాకారపు గీతలో 12, దాని కింద సి అన్నది తూటా గది 12 బోరని చెబుతుంది. నాట్ ఫర్ బాల్ అన్న ఇంగ్లీషు మాటలు ఉంటే 1875 నుంచి 1887 మధ్యది, గొట్టం మూతి సన్నం చేసినది, గుండు వేయరాదు. 3 టన్నులు అన్న అంకె, మాట ఉంటే 1954 నిబంధనల తరువాత పరీక్షించినది.

వీటన్నిటిలో ధరను తేల్చేది నైట్రో పరీక్ష. పూర్వపు తుపాకులు పొగ వచ్చే నల్లటి మందుకు చేసినవి. ఇప్పటి తూటాలు పొగలేని మందువి. నైట్రో ప్రూఫ్ అన్న మాటలు గాని, ఎన్.పి. అక్షరాలు గాని ఉంటే పొగలేని మందుకు తట్టుకున్నదని అర్థం. ఆ గుర్తు లేని పాత గొట్టంలో నేటి తూటా వేయరాదు. కనుక దానిని కాల్చే తుపాకిగా లెక్క కట్టరాదు, చూసే వస్తువుగా కట్టాలి. ఇది చిన్న తేడా కాదు.

బెల్జియం దేశంలోని లీజ్ నగరం చవక తుపాకులకూ, మంచి తుపాకులకూ పెద్ద మార్కెట్. అక్కడి ముద్ర కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఇ.ఎల్.జి. అక్షరాలు. పైన కిరీటం ఉంటే 1893 తరువాతది. 1922 నుంచి ఏడాదికి ఒక అక్షరం కొట్టేవారు. ఇది గమనించవలసిన ఊరు ఎందుకంటే, అక్కడి చవక తుపాకుల మీద ఇంగ్లీషు పేరున్న కంపెనీలను గుర్తుకు తెచ్చే పేర్లు చెక్కి అమ్మిన రోజులున్నవి. వెస్ట్‌లీ రిచర్డ్స్ అనే చోట డబ్ల్యు. రిచర్డ్స్ అని ఉంటుంది. పైన ఇంగ్లీషు పేరు, కింద లీజ్ ముద్ర కనబడితే ముద్రనే నమ్మాలి.

పేరు అసలైనదే అయినా అది తయారుచేసినవారిది కాకపోవచ్చు. కలకత్తాలో మాంటన్, రోడ్డా, లయన్ అండ్ లయన్ వంటి పెద్ద దుకాణాలు బర్మింగ్‌హాం నుంచి తుపాకులు తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మేవి. ఆ పేరున్న తుపాకి మధ్యరకానిదీ కావచ్చు, మేలురకానిదీ కావచ్చు. రోడ్డా పేరు చూసి కొందరు ఉలిక్కిపడటం సహజం, 1914 ఆగస్టు 26న కలకత్తాలో ఆ కంపెనీకి వచ్చిన 50 మౌజర్ పిస్తోళ్ళను, 46,000 తూటాలను విప్లవకారులు ఎత్తుకుపోయిన సంగతి పుస్తకాలకెక్కింది. గోడ మీది జోడు గొట్టాల తుపాకికి దానితో సంబంధం లేదు, ధరలో ఆ కథకు చోటు లేదు.

గొట్టం లోపలి కొలతకు కూడ ముద్ర ఉన్నది. పాత ఆంగ్ల తుపాకులలో 13 అని ఉంటే పరీక్ష నాటికి గొట్టం 0.710 అంగుళం, 13 కింద 1 ఉంటే 0.719, 12 ఉంటే 0.729. ఇప్పుడు కొలిస్తే 13 ముద్ర ఉన్న గొట్టం 0.729 వస్తే తుప్పు గీకించడానికో, మెరుగుకో లోపలి నుంచి ఇనుము తీసివేశారని తేలిపోతుంది. గోడ పలచబడిన గొట్టం పరీక్ష ముద్రకు దూరమైనట్టే. ఈ కొలత అడిగే కొనుగోలుదారుడు తెలిసినవాడు, అతనితో అబద్ధం ఆడి లాభం లేదు.

చూపు, చెవి

మంచి చెడు చూసే ముందు తుపాకి ఖాళీగా ఉన్నదో లేదో చూడాలి. భర్మార్ అయితే ఇది మరీ ముఖ్యం. ఎప్పుడో తాత దట్టించిన మందు అడుగున మిగిలి ఉండవచ్చు. లోపలికి కర్ర పెట్టి, బయట అదే పొడవు పెట్టి పోల్చితే తెలుస్తుంది. అనుమానం ఉంటే తీసే పని మిస్త్రీకే వదలాలి.

తరువాత గొట్టాలు విప్పి, వెలుతురు వైపు పట్టి చూడండి. నీడ వలయాలు గుండ్రంగా ఒకదాని లోపల ఒకటి ఉంటే గొట్టం నిటారు. వలయం ఎక్కడైనా నలిగి కనిపిస్తే అక్కడ సొట్ట. నల్లటి చుక్కలుంటే తుప్పు గుంటలు. గొట్టాలను కొక్కెం దగ్గర పట్టుకుని వేలాడదీసి వేలి గోటితో కొడితే, పగులు లేని కుండ, గంట మోగినట్టు ఖంగుమనాలి. బొంగురుగా వినిపిస్తే రెండు గొట్టాలను కలిపే పట్టీ అతుకు వదిలింది. కుండలు కొనే ఆడవారికి ఈ పరీక్ష ఎవరూ నేర్పనక్కర లేదు. ముందు కొయ్య తీసివేసి తుపాకిని బిగించి ఊపితే లోపల కదలాడితే తాళపు మడత అరిగింది. ఇది బాగు చేయించవచ్చు గాని ఖర్చు ఉన్నది, ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి.

గొట్టం మీద పాములు పాకినట్టు, నీటి అలల వలె సన్నని చారలు ఉంటే డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికి చేసిన పాత పని. చూపుకు అందం, నేటి తూటాకు చాలామటుకు పనికిరాదు. గోరంత లోపల తుప్పు అతుకుల వెంట పాకినా పైకి తెలియదు. దీనిని అందానికి కొనేవారు ఉంటే ఉంటారు, కాల్చడానికి కొనేవారికి అమ్మరాదు.

గొట్టం మూతి కోసి పొట్టి చేసిన తుపాకి కూడ వస్తుంది. ఒకప్పుడు చేనులో తిరగడానికి వీలని కోయించి ఉంటారు. లైసెన్సు లేకుండ గొట్టం పొట్టి చేయడం చట్టం ఒప్పదు, దాని బేరం జోలికి పోరాదు.

ధర

తూకం వేయడానికి రెండు తుపాకులు పక్కపక్కన పెట్టుకుందాం. మొదటిది కలకత్తా దుకాణం పేరున్న బర్మింగ్‌హాం జోడు గొట్టాలది. బయటికి కనిపించే సుత్తులు, డమాస్కస్ చారలు, వెండి పని, రాజదండాల ముద్ర, నైట్రో ముద్ర లేదు. యజమాని పోయి నాలుగేళ్ళయింది, డిపాజిట్ కాలేదు. రెండవది మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో చేసిన ఒంటి గొట్టం 12 బోరు. కొయ్యకు గీతలు, పేరులో గొప్పేమీ లేదు. యజమాని 72 ఏళ్ళవాడు, లైసెన్సు నేటిది, కొడుకు పేరు చెప్పి మార్పు దరఖాస్తు ఇచ్చాడు. పంపకంలో ఎక్కువ కట్టవలసినది రెండవదానికే. మొదటిదానికి కాగితం సరిపడే వరకు సున్నా రాసుకోవాలి, సరిపడిన తరువాత కూడ చూసే వస్తువు ధరే. పెద్ద పేరు విన్నవారికి ఇది చేదుగా ఉంటుంది.

ఈ మార్కెట్‌ను పైకి లాగేవి, కిందికి లాగేవి రెండూ ఉన్నవి. 1980 దశకం మధ్య నుంచి వ్యక్తులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు నిలిచిపోయింది. అందుచేత దేశంలో ఉన్న మంచి విదేశీ తుపాకులు తిరిగి తిరిగి ఇక్కడే చేతులు మారాలి. వాటికి ధర నిలబడటానికి ఇదే ముఖ్య కారణం. ఇటు 2019లో రెండు హద్దు వచ్చి, మూడవది వదిలించుకోవలసినవారు ఒక్కసారిగా అమ్మకానికి దిగవలసి వచ్చింది. కొనే గిరాకీ లైసెన్సుల సంఖ్య మీద ఆధారపడి ఉండుటచేత, రాబడి పెరిగినా గిరాకీ పెరగదు. గొప్ప సరుకుకు గిరాకీ మిగిలి, నడిమి రకం మందకొడిగా ఉండుట ఇందువల్లనే.

లండన్ వేలంపాటల ధర చదివి దానిని రూపాయల్లోకి మార్చి చెప్పేవారు ఒక విషయం మరచిపోతున్నారు. తుపాకి ఇక్కడి నుంచి అక్కడికి సులువుగా పోదు. పైగా నూరేళ్ళు దాటిన కళావస్తువును దేశం దాటించడానికి 1972 పురావస్తువుల చట్టం అడ్డు. పోలేని సరుకుకు పరదేశపు ధర ఎందుకు పలుకుతుంది? మన ధర మన గిరాకీదే.

తూటా కూడ ధరలో భాగమే. 12 బోరు, .315 తూటాలు దేశంలో తయారవుతున్నవి. మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలు 2021 అక్టోబరు 1న ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడిపోయినవి, తూటాలు ఇప్పుడు మునిషన్స్ ఇండియా కంపెనీ వంతు. ఈ రెండు బోర్లకు విలువ నిలకడగా ఉండుటకు కారణం ఇదే, పేరు కాదు.

పురాతన వస్తువుగా అమ్ముదామంటే కూడ దారి లేకపోలేదు. పాత నమూనాది, పురావస్తువు విలువ కలది, లేక పాడైనది అయి, బాగు చేసినా చేయకున్నా తుపాకిగా కాల్చడానికి పనికిరానిదయితే 45వ సెక్షను ప్రకారం చట్టం దానిని తుపాకిగా చూడదు. కాని ఆ మాట వర్తకుడు తనంతట తాను నిర్ణయించుకోరాదు. అధికారుల నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. కాల్చగలిగే భర్మార్‌ను "పాతది గదా" అని గోడకు వేలాడదీసి అమ్మజూపితే చట్టం వయస్సు లెక్క చూడదు. పాత పనితనం ఎట్లుంటుందో కంటితో చూడదలచినవారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి పోయి చూడవచ్చు. చూసి వచ్చినవానికి ఇంట్లోని తుపాకిని పోల్చుకోవడం సులువు.

దేవరకొండ ప్రాంతానికి ప్రత్యేకించి ఒక సంగతి. అమ్రాబాద్ పెద్దపులుల అడవి నల్గొండ జిల్లాలోకి కూడ వచ్చింది. అభయారణ్యం హద్దుకు 10 కిలోమీటర్ల లోపల ఆయుధ లైసెన్సు ఉన్నవారు వన్యప్రాణి చట్టం 34వ సెక్షను ప్రకారం అటవీశాఖ వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. ఆ హద్దులో కొత్త లైసెన్సుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని సమ్మతి ముందుగా కావాలి. నల్లమల అంచు ఊళ్ళ వారసులకు, అక్కడి కొనుగోలుదారులకు పని ఆలస్యమయ్యే అవకాశం ఉన్నది కనుక బేరం కుదుర్చుకునే ముందే ఊరు ఎక్కడ పడుతుందో విచారించుకోవాలి.

ధర రాసే కాగితానికి ఒక పద్ధతి పెట్టుకుంటే మంచిది. తుపాకి రకం, బోరు, మూడు చోట్ల నంబరు, గది పొడవు, పరీక్ష ముద్రలు, గొట్టం పొడవు, లోపలి గుంటలు, బిగుసు, లైసెన్సు నంబరు, జాతీయ రిజిస్టరులో ఆ లైసెన్సుకు ఇచ్చిన విశిష్ట సంఖ్య, డిపాజిట్ రసీదు తేదీ. ఎన్నికల సమయంలో స్టేషనులో అప్పగించి తిరిగి తెచ్చుకున్న రసీదులు ఉంటే వాటినీ జతపరచండి. లైసెన్సు ఉన్న ఆయుధ వర్తకుని వద్ద రాతపూర్వక అంచనా తీసుకునేటప్పుడు ఈ కాగితం ముందు పెడితే, అతను పేరు చూసి కాక ముద్ర చూసి ధర చెబుతాడు. ఇద్దరు వర్తకుల అంచనాలు తీసుకుని, తక్కువదానిని పంపకానికి, ఎక్కువదానిని బేరానికి వాడుకోవచ్చు. అంచనా కోసం తీసుకుపోయేది లైసెన్సుదారుడే కావాలి, గుమాస్తా సైకిలు మీద పంపించరాదు.